తోడికోడళ్ళ మ్యూజియం పాసు

అలిగిన మనిషితో నేరుగా మాట్లాడకూడదనేది ఆ ఇంటి రివాజు. ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ మహా నిష్ఠగా పాటిస్తారు. చెప్పాల్సింది ఉంటే పక్కనున్న మూడో మనిషికి చెప్పాలి, అదీ అలిగినవాళ్ళ చెవిన పడేంత గట్టిగా. మూడో మనిషి దొరక్కపోతే గోడ ఉంది, కుర్చీ ఉంది, ఎండలో పడుకున్న పిల్లి ఉంది. మామగారు బతికున్న రోజుల్లో అత్తగారు ఒకసారి ఆయన మీద అలిగి, వానాకాలం పొడుగునా గొడుగుతో మాట్లాడుతూ సంసారం నడిపిందట. ఆయన కూడా తక్కువవాడు కాదు, జవాబులన్నీ చెప్పులకే చెప్పాడు.

ఈసారి అలిగింది తోడికోడళ్ళు. కింది వాటాలో పెద్దకోడలు, పై వాటాలో చిన్నకోడలు, వీధివైపు గదిలో ఇద్దరి ఉమ్మడి కుట్టు దుకాణం. పెద్దకోడలు కొలతలు తీసి గుడ్డ కత్తిరిస్తుంది. చిన్నకోడలు మిషను మీద కుడుతుంది. చిన్నకోడలు ఈ ఇంట్లో కాలు పెట్టిన కొత్తలో ఆమెకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది పెద్దకోడలే. నేర్పినదాని కన్నా కసిరింది ఎక్కువ అనుకోండి, అయినా పని మాత్రం బాగా వచ్చింది. ఇప్పుడు ఆ వీధిలో ఎవరి భుజం మీదైనా కుట్టు తిన్నగా ఉందంటే అది చిన్నకోడలి చలవే.

గొడవంతా వయొలిన్ మాస్టారి కోటు దగ్గర వచ్చింది. ఆయన కోటు తొడుక్కుని చూసుకుంటే చేతులు పొడుగైపోయి వేళ్ళు సగం లోపలికి పోయాయి. "ఇప్పుడు నేను వయొలిన్ దేంతో వాయించాలమ్మా, మోచేతులతోనా?" అని అడిగాడాయన. దుకాణం నిండా జనం ఉన్నారు. అంతమంది ముందు పెద్దకోడలు నోరు జారింది. "నేను కత్తిరించింది సరిగ్గానే కత్తిరించానండీ. కుట్టే మనిషికి కళ్ళుండాలి మరి" అనేసింది.

చిన్నకోడలు మిషను ఆపి, దాని మీద గుడ్డ కప్పి, మేడెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు వేళకే దిగివచ్చి పనిలో కూర్చుంది గానీ, అప్పటినుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు.

అసలు సంగతి పెద్దకోడలికి ఆ మర్నాడే తెలిసింది. దుకాణంలో పాత కొలత టేపుకి మొదటి అంగుళం ఏనాడో ఊడిపోయింది. అందుకని గుడ్డ మీద గుర్తు పెట్టేటప్పుడు ఆవిడ చెయ్యి దానంతటదే ఒక అంగుళం కలుపుకునేది. మాస్టారి కోటు కత్తిరించిన వారమే చిన్నకోడలు కొత్త టేపు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. టేపు మారింది, చెయ్యి మారలేదు. భుజం దగ్గర ఒక అంగుళం, చేతి పొడవులో ఇంకో అంగుళం కలిసిపోయాయి. తప్పు తనదేనని తెలిసిన క్షణంలో చెప్పేద్దామనే అనుకుంది. కానీ అందరి ముందూ అనేసిన మాటని వెనక్కి ఎలా తీసుకోవాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. పైగా తను పెద్దది. పెద్దది ముందు మాట్లాడటమేమిటి, నామోషీ కాదూ?

నామోషీ సంగతి ఎలా ఉన్నా అత్తగారికి మాత్రం తల ప్రాణం తోకకి వచ్చింది. "తెల్ల దారం అయిపోయిందని పైకి చెప్పండి", "తెల్ల దారం సొరుగులోనే ఉందని కిందకి చెప్పండి" అంటూ ఇద్దరూ ఆవిణ్ణి మెట్ల మీద పరుగులు పెట్టించారు. ఆ మెట్ల మీదుగానే ఒకరోజు ఓ కబురు దిగివచ్చింది. యూనిఫారాలు కుట్టే పెద్ద కంపెనీలో చిన్నకోడలికి ఉద్యోగం వచ్చిందట. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వెళ్తుందట.

పక్కన ఆ మిషను చప్పుడు లేని దుకాణంలో కత్తెర పట్టుకుని ఒంటరిగా నిలబడటం పెద్దకోడలి ఊహకే అందలేదు. 'వెళ్ళకు' అంటే సరిపోయేది. అనలేకపోయింది. తిండి సయించడం మానేసింది.

అప్పుడు అత్తగారు ఓ కార్డు తెచ్చి ఇద్దరి మధ్యా బల్ల మీద పడేసింది. నగర మ్యూజియం పాసు. అందులోనూ జంట పాసు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితేనే ఊళ్ళోని ఏ మ్యూజియం గేటైనా తెరుచుకుంటుంది. ఒక్కరే వెళ్తే లోపలికి రానివ్వరు.

"నా మోకాళ్ళకి ఈ వారం సెలవు. రోజూ మధ్యాహ్నం కొట్టు కట్టేసి వెళ్ళి బొమ్మలు చూసి రండి. ఒక్క పూట మానేసినా మీ ఇద్దరి మీదా నేను అలుగుతాను" అంది.

ఆవిడ అలకంటే ఏమిటో గొడుగుని అడిగితే తెలుస్తుంది. ఇద్దరూ కిక్కురుమనకుండా బయల్దేరారు.

మొదటిరోజు ఆయుధాల మ్యూజియం. గేటు దగ్గరి మనిషి పాసు మీది ఫొటో చూశాడు. అత్తగారు ఏదో పాత ఫొటో ఇచ్చినట్టుంది, అందులో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి పకపకా నవ్వుతున్నారు. ఆయన తలెత్తి ఎదురుగా ముడుచుకున్న రెండు మొహాలూ చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"మేమే" అని ఇద్దరూ గేటుకి చెప్పారు.

లోపల నిలువెత్తు ఇనప కవచాలు వరసగా నిలబడి ఉన్నాయి. కబుర్లు మొయ్యడానికి అత్తగారు లేదు. కాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక పెద్దకోడలు ఓ కవచం ముందు ఆగింది. "నీ పనే నయం నాయనా. పొద్దస్తమానం ఇనప మొహం వేసుకుని తిరిగినా నిన్ను అడిగేవాళ్ళు లేరు" అంది. గొణుక్కున్నట్టు కాదు, హాలంతా మోగేటట్టు.

చిన్నకోడలు పక్కనున్న ఫిరంగి వైపు తిరిగింది. "నువ్వు పేలేముందు ఒత్తయినా వెలిగిస్తారు తల్లీ. కొందరికి అదీ అక్కర్లేదు" అంది.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. మండుతూనే మనసులో ఒక మూల హాయిగా కూడా అనిపించింది. ఎంతకాలానికి ఆ గొంతు మేడ మీది నుంచి కాకుండా పక్కనుంచి వినపడింది!

రెండోరోజు జంతువుల మ్యూజియం. ఇద్దరూ కాస్త ముస్తాబై మరీ వచ్చారు. గడ్డి కూరిన ఎలుగుబంటి దగ్గర చిన్నకోడలు ఆగి, "అయ్యో పాపం, ఇంత నోరు తెరుచుకునుంది గానీ ఒక్క మంచి మాట రాదు. మా ఇంట్లోనూ ఒకరున్నారు" అని దాన్ని పరామర్శించింది. పెద్దకోడలు తిన్నగా తాబేలు దగ్గరికి వెళ్ళింది. "ఇల్లు వీపు మీదే పెట్టుకుని తిరుగుతావు, బుద్ధిమంతురాలివి. కొందరు ఉన్న ఇల్లు, ఉన్న కొట్టు వదిలేసి కంపెనీలకి పోతామంటారు" అంది. అని, చిన్నకోడలి మొహం వైపు ఓరగా చూసింది. ఆ మొహంలో ఏమీ కనబడలేదు. తాబేలు మొహంలోనూ అంతే.

ఆ సాయంత్రం ఇంటికి వస్తున్నప్పుడు పెద్దకోడలు గట్టిగా నిశ్చయించుకుంది. రేపు ఎలాగైనా చెప్పెయ్యాలి. ఎవరికి చెప్పాలన్నదే తేలలేదు.

మూడోరోజు చిత్రశాల. ఎత్తయిన గదులు, నున్నటి నేల, మూల కుర్చీలో సగం నిద్రలో ఒక కాపలా ఆవిడ. ఒక గదిలో గోడంతా పరుచుకుని ఎవరో రాణిగారి బొమ్మ ఉంది. నల్ల మఖ్మల్ గౌను, మెడలో ముత్యాలు. పెద్దకోడలు ముత్యాలు చూడలేదు. గౌను చేతులు చూసింది. అవి ఎంత పొడవున్నాయంటే రాణిగారి వేళ్ళ కొసలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. పెద్దకోడలికి కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

చిన్నకోడలూ చూసింది. చూసి కాపలా ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"చూశారాండీ, ఈవిడ చేతులు కూడా పొడుగైపోయాయి. ఇదీ నేనే కుట్టానంటారేమో కొందరు."

కాపలా ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "అది వందల ఏళ్ళ నాటిదమ్మా!"

"అయినా అంటారండీ. అనేవాళ్ళకి ఏళ్ళతో పనేముంది?"

ఎగతాళిగానే అంది గానీ చివర్లో గొంతు వణికింది. ఆ వణుకు పెద్దకోడలికి తగలాల్సిన చోటే తగిలింది. ఇన్నాళ్ళూ ఈ పిల్లది కోపం అనుకుంది. కోపం కాదు, నొప్పి. ఆవిడ రాణిగారి వైపు తిరిగింది.

"తల్లీ, నువ్వు రాణివి, నీ దగ్గర దాపరికమెందుకు? నీ గౌను సంగతి నాకు తెలీదు. ఆ కోటు మాత్రం పాడుచేసింది నేనే. కుట్టినమ్మాయి తప్పు ఇసుమంత కూడా లేదు."

గది గుమ్మంలో అలికిడైంది. టోపీలు పెట్టుకున్న సందర్శకుల గుంపొకటి తమ గైడుని ఎక్కడో పోగొట్టుకుని అటుగా వచ్చింది. ఈమధ్య మ్యూజియంలలో బొమ్మల ముందు నిలబడి నటిస్తూ కథలు చెప్తారని వాళ్ళు విని ఉన్నారు. అదే ఇది అనుకుని చుట్టూ మూగారు. పెద్దకోడలు చూస్తే కదా.

"కొత్త టేపుకి పాత లెక్క వేశాను తల్లీ. రెండు చోట్ల అంగుళం ఎక్కువ కత్తిరించాను. తెలిసింది కూడా మర్నాడే. తెలిసీ నోరు మూసుకు కూర్చున్నాను."

గుంపులో ఒకాయన మర్యాదగా చెయ్యెత్తాడు. "ఆ కోటు ఏ శతాబ్దానిదండీ?"

"పోయిన నెలది!" అని కసిరి, పెద్దకోడలు మళ్ళీ రాణిగారి మీద పడింది. "అంతమంది ముందు దాన్ని అనరాని మాట అన్నాను. మాస్టారి ముందూ, ఆ కొట్టుకొచ్చే ప్రతి మనిషి ముందూ తప్పు నాదేనని చెప్తాను. కానీ అది వెళ్ళిపోతే నాకు చెయ్యి విరిగినట్టే. రోజూ కసిరేది నేనే, అది లేకపోతే పొద్దు గడవనిదీ నాకే. వెళ్ళొద్దని నువ్వైనా చెప్పు తల్లీ దానికి."

రాణిగారు ఎవరి కబురూ మోసే రకం కాదు. వేళ్ళ కొసలు ముడుచుకుని అలాగే కూర్చుంది. గుంపంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. చిన్నకోడలు కాపలా ఆవిడ కుర్చీ పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉంది.

పెద్దకోడలు బొమ్మ ముందు నుంచి కదిలింది. నున్నటి నేల మీద చెప్పులు టపటపలాడుతుంటే తిన్నగా వెళ్ళి తోడికోడలి ఎదురుగా నిలబడింది. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చెయ్యని పని చేసింది.

"వెళ్ళకే" అంది. "నీకే చెప్తున్నా. వెళ్ళకు."

ఆ మాటతో ఇక ఆగలేక భోరుమంది. గుంపు చప్పట్లు కొట్టింది. ఎవరో వెనకనుంచి "బలే! కన్నీళ్ళు కూడా తెప్పించింది" అన్నారు.

చిన్నకోడలు గిర్రున తిరిగింది. "చప్పట్లేమిటండీ? ఇక్కడేమైనా ఆట జరుగుతోందా? మా అక్క నిజంగా ఏడుస్తుంటేనూ! వెళ్ళండి, వెళ్ళి ఇంకో బొమ్మ చూసుకోండి!" అని అంతెత్తున లేచింది. టోపీలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పక్క గదిలోకి పారిపోయాయి. వాళ్ళతోపాటు కాపలా ఆవిడ కూడా నాలుగడుగులు వేసి, తను వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

చిన్నకోడలు పెద్దకోడల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, పమిట చెంగుతో మొహం తుడిచింది. తను కూడా ముక్కు ఎగబీల్చింది.

"ఇక ఊరుకో అక్కా. నేనెక్కడికీ పోవట్లేదు. రానని ఆ కంపెనీవాళ్ళకి పోయిన వారమే చెప్పేశాను."

పెద్దకోడలు ఏడుపు ఠక్కున ఆపింది. "పోయిన వారమా? మరి అత్తయ్యగారు..."

"ఆవిడకి తెలుసు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను."

"ఎందుకే? ముద్ద మింగుడుపడక చచ్చిపోతున్నాను నేనక్కడ!"

చిన్నకోడలు ఆవిడ జుట్టు సర్దింది.

"ఇంట్లోకొచ్చిన నాటి నుంచీ నువ్వు చెప్పడం, నేను చెయ్యడమే కదక్కా" అంది. "ఒక్కసారి నీ చేత అడిగించుకోవాలనిపించింది."