గోళ్ళరంగు చదివిన మిషను

“ఆ జీపు ఘాటురోడ్డులో పడిపోతే ఏటి సేత్తాం? పెద్దోళ్ళొత్తన్నారంట. మన కొండకే సెడ్డపేరు,” అంది సోని, చీపురు ఆపకుండానే.

వినడానికి ఎవరూ లేరు. అరకు పైకొండల్లోని ఆ చిన్న ఆరోగ్య కేంద్రాన్ని ఆమె పద్దెనిమిదేళ్ళుగా ఊడుస్తోంది. రోజుకో భయం పైకి అనేస్తుంది. నర్సమ్మలు నవ్వుతారు. పొట్టి మనిషి. ఫినాయిలుకి అరచేతులు పొక్కిపోయాయి. ఎప్పుడో తలుపు సందులో నలిగిన బొటనవేలి గోరు వంకరగా పెరిగింది.

కూతురు భాను విశాఖలో వైద్య యంత్రాల చదువు చదివింది. గోరు ఫొటో తీస్తే ఒంట్లో రక్తం ఎంతుందో చెప్పే మిషను చేసింది. దానికి యువ పరిశోధకుల అవార్డట, ఎల్లుండి ఢిల్లీలో ఇస్తారట. నిరుడు ఇలాంటిదే ఒక అద్దప్పలక ఇచ్చారు. దానిమీద ఉల్లిపాయ తరిగినా జారిపోతుందని సోని దాన్ని అటకెక్కించింది.

జీపు పడలేదు. భానూ, ఆమె పరిశోధన గైడు మోహన్‌కృష్ణ సారూ, ఒక కెమెరా మనిషీ దిగారు. అవార్డు సభలో చూపించడానికి వీడియో కావాలట. మిషను పరీక్షకి ఊరి ఆడవాళ్ళంతా కలర్‌ఫుల్‌గా రావాలని సారు నిన్ననే కబురంపాడు. వచ్చారు. సంతలో కొన్న ఎర్ర గోళ్ళరంగు సీసా ఒక్కటే పదహారు మంది చేతులకీ తిరిగింది.

గోళ్ళకి రంగుండకూడదని మిషను పెట్టె మీదే ఉంది. రాసింది భానే.

“సార్, రంగు తుడిపిద్దాం,” అంది మెల్లగా.

“వీడియోలో ఎంత బాగుందో చూడు. కానీయమ్మా.”

అందరికీ రక్తం దండిగా ఉందంది మిషను. ఏడో నెల కడుపుతో ఉన్న గంగకైతే పన్నెండు గ్రాములు. సారు చప్పట్లు కొట్టి, అంకెలన్నీ రిపోర్టులో ఎక్కించమన్నాడు. ఆ తర్వాత వాళ్ళచేత థింసా నాట్యం ఆడించారు. మొదటిసారి వెలుగు సరిగ్గా పడలేదని మళ్ళీ ఆడించారు. రెండోసారికి గంగ వరసలోంచి జారి అరుగు మీద కూలబడింది. సోని ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టుంది.

“సారూ, ఈ గుంటకి రక్తం నేదు. బేగి ఆస్పత్రికి తీసుకుపోండి. 108కి కబురెడితే పొద్దోయాక వత్తాది.”

“పన్నెండుందమ్మా. మిషను కంటే నీకెక్కువ తెలుసా?” సారు నవ్వాడు. “మీ అమ్మకి అన్నీ భయాలేనన్నావుగా భానూ!”

కెమెరా మనిషి కూడా నవ్వాడు. ఆ నవ్వుల మీద ఫినాయిలు పోసి కడగాలనిపించింది సోనికి. ఇంత చదువూ చదివి, మనిషి మొహం చూడ్డం రాలేదు వీళ్ళకి.

సామాను ఎక్కింది. సారు ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అరుగు మీద గంగ కళ్ళు మూసుకుంది. సోని వచ్చి, భాను కూర్చున్న వైపు తలుపు పట్టుకుంది.

“మిషను మాట నాకొద్దు. నువ్ సెప్పు. గంగకి రక్తం ఉందా, నేదా?”

లేదని చెప్తే పదహారు అంకెలూ తప్పే. రిపోర్టు తప్పే. ఎల్లుండి స్టేజీ ఎక్కక్కర్లేదు. భాను ఒళ్ళో ఉన్న చేతులు చూసుకుంది. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. సారు రెండుసార్లు గడియారం చూశాడు. సోని తలుపు వదల్లేదు.

“పోదామా భానూ?” అన్నాడు సారు.

భాను తలెత్తింది.

“నేదమ్మా, రక్తం నేదు. సార్, మీరు దిగండి. ఆ సీట్లో గంగొదిన కూర్చోవాలి.”