రెండిళ్ల నడుమ పాట

2009 జూలై 14, మంగళవారం. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది కానీ వాన పడలేదు. గాలి కదలక ఒళ్లంతా జిడ్డు జిడ్డుగా ఉన్న రోజు. సాయంత్రం ఆరింటికి కళ్లద్దాల షాపాయన ఎప్పట్లాగే షట్టరు సగం దించి, మేడ మీదికి వెళ్లి, ముఖం కడుక్కుని, రికార్డు పెట్టి ముల్లు దించాడు. వయొలిన్లు ఎత్తుకున్నాయో లేదో, వాన చుక్కయినా రాలకుండానే ఎక్కడో పిడుగు పడింది. ఆంప్లిఫయర్లోంచి కమురు వాసన వచ్చింది. వయొలిన్లు మధ్యలోనే తెగిపోయాయి.

ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మ దగ్గరున్నది..."

"అదీ పోయింది నాన్నా. పొగ వచ్చిందట. మీకేం కాలేదు కదా?"

"నాకేమవుతుంది?" అన్నాడు, కమురు వాసన పోవడానికి కిటికీ తెరుస్తూ.

ఈ ఆంప్లిఫయర్ల సంగతి కొంచెం వెనక్కి వెళ్లి చెప్పుకోవాలి. అవి జంట పెట్టెలు, స్పీకర్లు కూడా వాటిలోనే. లోపల గాజు వాల్వులు సన్నగా వెలుగుతుండేవి. ఒక్కోదాన్ని ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పెళ్లయిన కొత్తలో, ఇంకో గది వేసుకుందామని కూడబెట్టినదంతా పోసి కొన్నారు. బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. గది లేకపోతేనేం, ఆ ఉన్న గదిలోనే ప్రతి సాయంత్రమూ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినేవాళ్లు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. తాళం తప్పితే డ్రమ్ములవాణ్ణి అక్కణ్ణుంచే మందలించేది.

తర్వాత ఎందుకు విడిపోయారో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆయన్నడిగితే ఒక కారణం చెప్పేవాడు, ఆవిడనడిగితే ఇంకోటి. కోర్టులో మంచాలూ బీరువాలూ గిన్నెలూ గొడవ లేకుండా తేలిపోయాయి. ఈ జంట దగ్గర మాత్రం ఇద్దరూ పట్టు విడవలేదు. "రెండున్నాయి కదా, చెరొకటి తీసుకోండి" అన్నాడు జడ్జి, సంగీతం అంటే ఏమిటో తెలీని మనిషి. ఒకరైనా కాదనాల్సింది. పంతంకొద్దీ ఇద్దరూ సరేనన్నారు. ఎడమది ఆయనకి, కుడిది ఆవిడకి. రికార్డులన్నీ ఆయన దగ్గరే ఉండిపోయాయి. "నాకు స్విచ్చి ఒక్కటుంటే చాలు" అంది ఆవిడ.

ఆ మాట నిజమే అయింది. ఆయన ఇక్కడ రికార్డు పెడితే, అక్కడ ఆవిడ స్విచ్చి వేసిన రోజు మిగతా సగం ఆవిడ ఇంట్లో మోగేది. ఈ ఇంట్లో వయొలిన్లు, ఆ ఇంట్లో డ్రమ్ములు. మరి గాయని? జంట పెట్టెల్లో పాడే మనిషి ఏ పెట్టెలోనూ ఉండదు, రెండింటికీ సరిగ్గా నడుమ గాలిలో నిలబడి పాడుతుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయమే అది. పెట్టెలు దూరం జరిగితే ఆమె కూడా జరగాలి కదా. రెండిళ్లకూ నడుమ ఇస్త్రీ కొట్టు వీధి ఉంది. ఆ వీధిలో కరెంటు స్తంభం పక్కన, మనిషెత్తున, రోజూ ఆరింటికి పాట మొదలయ్యేది. స్కూటర్లవాళ్లు హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయేవాళ్లు. కూరలు కొనుక్కుని వచ్చేవాళ్లు ఒక చరణం విని వెళ్లేవాళ్లు.

కళ్లద్దాలాయన మాత్రం ఆ వీధికి ఎన్నడూ వెళ్లలేదు. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు "నిన్న మీ పాట బాగుంది సార్" అనేవాళ్లు. అంటే ఆవిడ స్విచ్చి వేసిందన్నమాట. ఆయనకి అది చాలు. వెళ్లి నిలబడితే, ఆవిడ అక్కడ లేకపోతే? ఆ సంగతి తెలియకుండా ఉండటమే నయమనుకున్నాడు.

రిపేరు చేసే మనిషిని ఊరంతా టంకం అనే పిలుస్తుంది, అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. పిడుగు పడ్డాక రెండు పెట్టెలూ ఆయన బల్ల మీదికి చేరి బోర్లా పడుకుని ఉన్నాయి. ఎన్నో ఏళ్ల తర్వాత అవి కళ్లద్దాలాయనకి పక్కపక్కన కనిపించాయి. తన దాని మీద దుమ్ము ఉంది. ఆవిడ దాని మీద లేదు. జేబులోని అద్దాలు తుడిచే గుడ్డ తీసి, గబగబా తన దాన్ని తుడిచాడు.

"ఏమయ్యా, బతుకుతాయా?"

"రెండిట్లో ఒక్కటే బతుకుతుంది సార్. మీ దాంట్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, మేడమ్‌గారి దాంట్లో ఇంకోటి. ఆ రాగి తీగ చుట్లు చుట్టేవాళ్లు ఇప్పుడు లేరు. ఒకదాని పార్టులు తీసి రెండోదాంట్లో వేస్తే ఒక్కటి మోగుతుంది. రెండోది ఖాళీ డబ్బా."

"ఖర్చో?"

"ఆ ఖర్చుతో కొత్తది వస్తుంది, రిమోట్‌తో సహా."

"కొత్తదాంట్లో గాయని ఎక్కడ నిలబడుతుంది?"

"కొత్తవాటిలో ఎవరు నిలబడుతున్నారు సార్, అందరూ కూర్చునే పాడుతున్నారు. ఈ ఒక్కటీ బాగుచేస్తే మాత్రం ఎవరింట్లో పెడితే వాళ్లింట్లో మొత్తం పాట వస్తుంది. ఎవరిది చెయ్యమంటారు?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. దగ్గరి చూపు అద్దాలు దూరపు చూపువాళ్లకి ఇచ్చి పంపాడు. "మీ ఇద్దరూ ఆ డబ్బాల గురించి ఆలోచిస్తున్నంత నా పెళ్లి గురించి కూడా ఆలోచించలేదు నాన్నా" అని కూతురు దెప్పింది. చివరికి, ఆవిడదే బాగుచేసి ఆవిడ ఇంటికే పంపమని టంకంతో కబురు పెట్టాడు. పాట మొత్తం ఆవిడ ఇంటికి పోతే తన సాయంత్రాలు ఏమవుతాయో తెలిసే పెట్టాడు.

టంకం మర్నాడే తిరిగొచ్చాడు. "నా ఇంట్లో వద్దు అన్నారు సార్ మేడమ్‌గారు. ఆయన్నే ఉంచుకోమను, లేదంటే పారేయమను అన్నారు."

కళ్లద్దాలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఆవిడ వేసింది ఒట్టి స్విచ్చేనన్నమాట. సాయంత్రమయితే ఎవరైనా లైటు వేసినట్టు. "రెండూ విప్పేసి పార్టుల కింద అమ్మెయ్" అన్నాడు.

అలా అన్నాక, ఇస్త్రీ కొట్టు వీధివాళ్లకి ఒక మాట చెప్పడం మర్యాద అనిపించింది. పాట ఇక రాదని తెలీక పాపం ఎదురు చూస్తుంటారు. ఆరింటికి మొదటిసారి ఆ వీధిలో అడుగు పెట్టాడు.

ఇస్త్రీ కొట్టావిడ రుద్దుతున్న చొక్కా కాలరు మీంచి తల ఎత్తకుండానే, "రండి వయొలిన్ల సారూ. ఇన్నాళ్లకి దారి దొరికిందా?" అంది.

"నేనెవరో నీకెలా తెలుసమ్మా?"

"మేడమ్‌గారు చెప్పేవారు. ఆ స్తంభం పక్కనే కదా ఆవిడ నిలబడేది."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి, రోజూ. స్విచ్చి వేసి, తలుపుకి తాళం పెట్టి, పాట అయ్యేలోగా వచ్చేసేవారు. ఊరికే నిలబడితే బాగోదని చేతిలో ఒక చీర. నిన్న ఇస్త్రీ చేసిన చీరే ఇవాళ మళ్లీ తెచ్చేవారు. నేనూ మడత విప్పి మళ్లీ మడతపెట్టి ఇచ్చేదాన్ని." ఇస్త్రీ పెట్టె పక్కకి ఆనించి ఇప్పుడు తల ఎత్తింది. "ఒక్కటి అడుగుతాను సారూ. పాట వినడానికయితే ఎటు తిరిగి నిలబడ్డా ఒకటే కదా? ఆవిడ మీ వీధి వైపే తిరిగి నిలబడేవారు."

ఆయన స్తంభం దాకా వెళ్లాడు. అక్కణ్ణుంచి తన వీధి మలుపు స్పష్టంగా కనిపిస్తోంది. ఇంట్లో వద్దు అన్న మాట ఇప్పుడు అర్థమైంది. పాట ఇంట్లోనే మోగితే ఆవిడ గడప దాటడానికి సాకు ఉండదు.

వెనక్కి వచ్చి, "నీ కొట్లో ఒక అర ఖాళీ చేస్తావా అమ్మా?" అన్నాడు.

టంకం ఇంకా స్క్రూలు విప్పుతూనే ఉన్నాడు. ఆయన వెళ్లి ఆపించాడు. ఒక్క పెట్టె బతికింది. దాన్ని ఇస్త్రీ బట్టల మూటల పక్కన అరలో పెట్టారు. ఆయన మొదటి సాయంత్రం రికార్డు ప్లేయరు పట్టుకుని, రికార్డులు చంకన పెట్టుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని ముల్లు దించాడు. వయొలిన్లూ డ్రమ్ములూ అరలోంచే వచ్చాయి. గాయని మాత్రం అలవాటు పడిన చోటు వదల్లేక స్తంభం పక్కనే నిలబడి ఎత్తుకుంది.

ఆవిడ చీరతో వచ్చింది. ఆయన్ని చూసి ఆగింది.

"నాలుగు వీధులు దాటడానికి ఇంతకాలం పట్టిందా మీకు?"

"ట్రాఫిక్" అన్నాడాయన.

ఆవిడ నవ్వలేదు. కానీ చీర ఇస్త్రీకి ఇవ్వడం మర్చిపోయింది.

మళ్లీ ఒక ఇంట్లోకి మాత్రం చేరలేదు. ఆ వయసులో ఒకరి సామాను కోసం ఇంకొకరు చోటు చెయ్యలేరు. ఆరింటికి వచ్చేవాళ్లు, ఒక రికార్డు రెండు వైపులా వినేవాళ్లు, డ్రమ్ములవాడి మీద నాలుగు మాటలనుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లేవాళ్లు. ఆయన పోయేదాకా అలాగే సాగింది.

ఇల్లు కూతురికి రాశాడు. షాపు, అందులో పాతికేళ్లు పనిచేసిన గుమాస్తాకి. రికార్డులు, మోగే పెట్టె ఇస్త్రీ కొట్టావిడకి. ఖాళీ డబ్బా టంకానికి దక్కింది, ఆయన అందులో స్క్రూలు పోసుకున్నాడు. ఆవిడ పేరు వీలునామాలో ఎక్కడా లేదు.

ఆవిడ ఆయన కూర్చునే స్టూలు ఒక్కటి ఇస్తే ఇంటికి తీసుకెళ్తానని అడిగింది.

"ఇవ్వను మేడమ్‌గారూ" అంది ఇస్త్రీ కొట్టావిడ, స్టూలు మీద దుమ్ము దులిపి ఆవిడ వైపు జరుపుతూ. "ఇస్తే రేపట్నుంచి మీరు రారు."

అలా ఆవిడకి ఏమీ దక్కలేదు. రోజూ ఆరింటికి వస్తుంది.