మందు మాట

నలభై ఎనిమిదేళ్ళ టైలరుకి మగ హార్మోను తక్కువైందని డాక్టరు ఒక జెల్ రాసిచ్చింది. రోజూ పొద్దున్నే భుజాలకు రాసుకోవాలి, దాంతో ఆకలీ, హుషారూ, తెగువా పెరగొచ్చంది. ఆ రోజు నుంచి అతనికి తన మీద తనకే అనుమానం పట్టుకుంది. ఆకలేసినా, మిషను తొక్కుతూ కూనిరాగం తీసినా ఇది తనా, మందా అని ఆరా తీసేవాడు. భార్య కూడా ఓరకంట కనిపెడుతూనే ఉంది.

మూడోవారం బామ్మర్ది వచ్చాడు.

"బావా, ఆ మూల మిషను నేను పట్టుకెళ్తా."

అంతకుముందు కత్తెరా, ఇస్త్రీపెట్టే ఇలాగే అతనితో వెళ్ళి తిరిగి రాలేదు. ప్రతిసారీ తలూపిన టైలరు ఈసారి తలెత్తాడు.

"ఇవ్వను. ఇక అడక్కు."

బామ్మర్ది మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

"అది మీ మాట కాదు, మందు మాట. రేపే వెళ్ళి మానిపించుకుందాం" అంది భార్య. నిజమే కాబోలనుకున్నాడతను.

డాక్టరు రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి నొసలు ముడిచింది.

"హార్మోను అంకె ఇసుమంత కూడా కదల్లేదే. ఎలా రాసుకుంటున్నారు?"

"జిడ్డుగా ఉంటుందని, రాసుకోగానే స్నానం చేసేస్తానండీ."

"అయితే మందంతా నీళ్ళపాలే. స్నానమయ్యాక, ఒళ్ళారాక రాసుకోండి."

ఇంటికి నడుస్తూ భార్య వీధి మలుపులో ఆగి, అతన్ని ఎగాదిగా చూసింది.

"అయితే మా తమ్ముణ్ణి అలా అన్నది మీరేనా?"

"నేనే" అన్నాడు టైలరు. ఆ మాట తన చెవికే కొత్తగా వినిపించింది.