కొత్తవి దాచబడవు

"నీ చేతికే ఇచ్చాను."

భర్త ఆ మాట అనడం అది నాలుగోసారి. వాషింగ్ మెషీన్ గ్యారంటీ కాగితం గురించి మొదలైన గొడవ, టిఫిన్ ప్లేట్లు ఎత్తేసినా ఆగలేదు.

"ఇవ్వలేదండీ. కారులో, స్టీరింగ్ పక్క అరలో పెట్టారు. 'ఇక్కడే ఉండనీ' అని కూడా అన్నారు."

ఆయన కిందికి వెళ్లి కాగితంతో తిరిగొచ్చాడు. ఓడిపోయినట్టు ముఖంలో ఎక్కడా లేదు. "చూశావా, నీకు తెలుసని నాకు తెలుసు!" అన్నాడు, తానే గెలిచినట్టు.

"మా కోడలిది బుర్ర కాదురా, బీరువా" అని అత్తగారు మురిసిపోయింది. పెళ్లయిన కొత్తలో ఆ మాటకి తనూ మురిసిపోయేది. పద్దెనిమిదేళ్లలో ఆ బీరువాలోకి చేరనిదేముంది? అత్తగారి చెవి మిషను బ్యాటరీలు, ఆయన కళ్లజోడు పవరు, కూతురి బడి ఫారాల గడువులు, ఆడపడుచు పిల్లల పుట్టినరోజులు, గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ. దాచిపెడతావా అని ఒక్కరూ అడగలేదు. తలుపు తీసి పడేసి పోయారంతే.

ఆఫీసులోనూ ఆమెది దాచే పనే. యాప్ మూసేసినా ఫోనులో మనం రాసుకున్నవీ ఎంచుకున్నవీ పోకుండా భద్రపరిచే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి పదకొండేళ్ల కిందట ఆమే రాసింది. సంస్థ యాప్‌లన్నీ దాని మీదే బతికాయి. ఇప్పుడది నడవలేక నడుస్తోంది. దాన్ని సాగనంపి, అందరినీ కొత్తదానికి మార్చాలి. ఆరు నెలల పని. "నాయకత్వం మీరు తీసుకోండి" అని శుక్రవారం మేనేజరమ్మ అడిగితే, ఎగిరి గంతేయాల్సింది పోయి "సోమవారం చెప్తాను" అంది. ఆ మీటింగ్‌లోనే ఫోను మూడుసార్లు మోగింది మరి. అమ్మా, నా తెల్ల సాక్సులేవి? ఏమోయ్, గోళ్ల కత్తెర ఎక్కడ? అమ్మాయ్, బ్యాటరీలు అయిపోయాయి. ఇలాంటి బుర్రతో ఆరు నెలలు ఒకే పని మీద కూర్చోవడమా! కుదరదనే చెప్పేద్దామనుకుంది.

కనీసం ఎవరు చేసినా పనికొస్తుందని, ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని పథకం రాసిపెట్టసాగింది. పాతదాన్ని ఒక్కరోజులో పీకేయకూడదు. ముందుగా హెచ్చరిక ఇవ్వాలి. ఆ తర్వాత కొత్తవి దాచుకోవడం మానేయాలి, పాతవి అడిగితే మాత్రం చెప్పాలి. ఈలోగా ఎవరివి వాళ్లు కొత్త చోటికి మార్చుకోవాలి. గడువు దాటితే ఇక దాన్ని అడగడానికి లేదు.

చివర్లో కారణం రాయాలి. కాసేపు ఆలోచించి రాసింది: 'ఇది పాడవలేదు. అందరూ అన్నీ ఇందులోనే పడేశారు.'

రాసినదాన్ని మళ్లీ చదువుకుంది. కిసుక్కున నవ్వొచ్చింది. ఆపుకుందామంటే పొట్ట కదిలేలా ఇంకా నవ్వొచ్చింది.

"ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?" అంటూ కూతురు తొంగి చూసింది.

"పని బాగా కుదిరిందే."

మేనేజరమ్మకు 'నేనే చేస్తాను' అని మెసేజ్ పెట్టేసింది. సాయంత్రం టీ కప్పులు అందరికీ అందించి, తన కప్పుతో తనూ తీరిగ్గా కూర్చుంది.

"ఒక మాట. రేపట్నుంచి కొత్తవేవీ నేను గుర్తుపెట్టుకోను. పాతవి అడగండి, మూడు నెలల దాకా చెప్తాను. ఈలోపు ఎవరివి వాళ్లు రాసుకోండి."

భర్త కప్పు నోటి దగ్గరే ఆగింది. "అంటే, కోపమా?"

"అబ్బే. హెచ్చరిక."

"బాబోయ్, నా సాక్సులు!" అంది కూతురు, నవ్వుతూనే పుస్తకం కోసం లేస్తూ.

అత్తగారు కోడలి వంక కాసేపు తేరిపార చూసింది. "నలభై ఏళ్లు మోశాను. నాకీ ఆలోచన రాలేదే!" అని, మనవరాలి వైపు చెయ్యి చాచింది. "నాకూ ఒక కాగితం చింపివ్వవే. బ్యాటరీల సంగతి నేనే రాసుకుంటా."

ఆయనే ఇంకా తేరుకోలేదు. "బాగానే ఉంది. మరి ఆ మూడు నెలలూ అయిపోయాక?"

ఆమె వేడి టీ ఒక గుక్క తాగింది. ఎన్నేళ్లయిందో టీ వేడిగా తాగి.

"అయిపోయాక నేనూ మీలాగే, హాయిగా మర్చిపోతానండీ."