రెండెకరాల పొద్దుతిరుగుడు

పొద్దుతిరుగుడు విచ్చి నాలుగు రోజులైంది. ఈరన్న చేనంతా తిరిగినా ఒక్క తేనెటీగ కనబడలేదు. ఈగ వాలితేనే పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పోతుంది. పోకపోతే గింజ తాలు. కంపెనీకి విత్తనం పండించి ఇచ్చే సీడుపత్తి మానుకొని, మానవపాడు పక్కన రెండెకరాలు కౌలుకు పట్టి వేసిన పంట ఇది. ఇంకో వారంలో పువ్వు వాడిపోతుంది.

అచ్చంపేటకు పోయి, ఈగలు పెంచే ఆశన్న దగ్గర రెండు పెట్టెలు కిరాయికి తెచ్చాడు. గట్టుకు అవతల దశరథం సీడుపత్తి. పొద్దున్నే పోయి అడిగాడు.

"అన్నా, వారం దినాలు మందు ఆపు. లేకుంటే పొద్దుగూకంగ కొట్టు. ఈగలను తెచ్చిన."

"పొద్దుగూకంగ ఆడోళ్లు తెల్లారి పుప్పొడి అంటించేటందుకు మొగ్గలు వలుస్తుంటరు. వాళ్ల మీద కొట్టాల్నా?"

"జర ఆలోచించు."

"నీ ఈగ ఏడేడి పుప్పొడో తెచ్చి నా పూలకు అంటిస్తే, విత్తనం కల్తీ అని కంపెనీ ఫెయిల్ జేస్తది. గీ ముచ్చట నాకు చెప్పిందెవరు? నువ్వే. యాపచెట్టు మీద తేనెతుట్టె కాల్చిననాడు గ్యాసునూనె నా ఇంట్లదే తీస్కపోతివి గదా!"

పత్తిలో కూలికొచ్చిన కైకిలోళ్లు నవ్వారు. ఈరన్న గట్టు దాటి వెనక్కి వచ్చాడు. మూడేండ్ల కింద, తను సీడుపత్తి వేసిన ఏడు, కాల్చింది తనే.

ఆ సాయంత్రం కూతురు వైష్ణవి నోటుబుక్కు తెచ్చింది.

"నాయినా, ఒక జీవి పోతే మిగిలినవాటికి ఏమైతది? బడిల నాలుగు లైన్లు రాయమన్నరు."

"రాస్కో. ఈగలు పోయినయ్. ఈగల కోసం వచ్చే పచ్చపిట్టలు పోయినయ్. అవి రెక్కల పురుగులను గూడ తింటుండె. అవి పోతే పురుగు పెరిగింది. పురుగు పెరిగితే మందు పెరిగింది. మందుకు ఉన్న ఈగలు గూడ పోయినయ్."

"నాలుగు దాటినయ్, నాయినా."

"ఇంకా ఉన్నయ్ బిడ్డా."

మూడో రోజు పొద్దున దశరథం మందు కొట్టించాడు. మధ్యాహ్నానికి పెట్టెల ముందు ఈగలు రాలి ఉన్నాయి. కొన్నిటి కాళ్లకు పుప్పొడి అట్లే ఉంది.

మర్నాటి నుంచి ఈరన్న, భార్య రేణుకమ్మ గుడ్డలు పట్టుకొని, పుప్పొడి అంటేలా పువ్వు పువ్వునూ రుద్దారు. ఎండెక్కితే ఆ పని సాగదు. పువ్వు వాడేలోగా నూటయాభై సాళ్లలో ముప్పై అయ్యాయి.

రెండు వారాల తర్వాత ఈరన్న ఒక పువ్వు వంచి గింజలు గిల్లాడు. పొట్టు వచ్చింది, పప్పు లేదు. రుద్దని సాళ్లన్నీ అంతే.

"ఏం జేద్దాం?" అన్నాడు.

"జేసేదేముంది? దశరథం కైకిలికి రమ్మన్నడు. క్రాసింగు ఇంకా పది దినాలు ఉంటదంట. ఇద్దరం పోదాం," అంది రేణుకమ్మ.

మరునాడు ఈరన్న క్రాసింగుకు పత్తి సాళ్లలో నిలబడ్డాడు. మగ పువ్వు ఒకటి తెంపి, ఆడ పూలకు ఒక్కొక్కదానికి తాకించాడు. ఒక్కటి ఐదు పూలకు సరిపోతుంది.

"మెల్లగ, ఈరన్నా," గట్టు మీద నుంచి దశరథం అన్నాడు. "ఒక్క పువ్వు తప్పొద్దు."

ఈరన్న ఇంకో మగ పువ్వు తెంపాడు.