పెద్దబడి అక్షరాల మనిషి

ఉదయం ఆరూ పదికి రొవీనా ఓడెగార్డ్ వంటింటి తలుపు పక్కన కూర్చుని రబ్బరు బూట్లు తొడుక్కుంది. పాలపొడి కలిపిన సీసా చంకలో పెట్టుకుని కొట్టంలోకి నడిచింది. మార్చి మొదటి వారం. మంచు గట్టిపడి కాళ్ల కింద కరకరలాడుతోంది. తల్లి చచ్చిపోయిన దూడ ఒకటి గడ్డిలో పడుకుని ఉంది. కాగితాల హార్లన్ అప్పటికే దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తడిగుడ్డతో ఎడమ కన్ను తుడుస్తున్నాడు.

"పుసి తగ్గిందండీ," అన్నాడు. "దయచేసి సీసా ఇలా ఇస్తారా?"

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఉంటున్నాడు. దయచేసి అనడం ఇంకా మానలేదు. దరఖాస్తుల్లో నేర్చుకున్న భాష అది.

ఆయన వచ్చింది నవంబరులో. దానికి కారణం రొవీనా భర్త, అసలు హార్లన్, కౌంటీ కచేరీకి పంపిన మూడు పేజీల ప్రమాణపత్రం. ఇంగ్లీషు అక్షరానికి రెండు రూపాలు, క్యాపిటల్ అనే పెద్దబడీ, మామూలు చిన్నబడీ. డ్రైవింగ్ లైసెన్సు మీదా, కోర్టు నోటీసు మీదా పేరు మొత్తం పెద్దబడిలోనే ఉంటుంది. అలా రాసిన పేరు తల్లి పెట్టిన పేరు కాదని, బిడ్డ పుట్టినరోజునే ప్రభుత్వం కాగితం మీద పుట్టించిన వేరే మనిషిదని డెల్బర్ట్ క్వామ్ చెప్పేవాడు. పన్నులూ లైసెన్సులూ శిక్షలూ అన్నీ ఆ కాగితం మనిషివి. వాణ్ని వదిలించుకున్నవాడు స్వతంత్రుడు. డెల్బర్ట్ ముప్పై ఏళ్లు టెలిఫోను స్తంభాలెక్కి రిటైరయ్యాడు, అంతకు ముందు సైన్యంలో రెండేళ్లు వంట చేశాడు. ఆ చుట్టుపక్కల పశువుల రైతులు కట్టుకున్న సాయుధ దళంలో ఇప్పుడు మేజర్. ఆ కాగితం మనిషితో తనకేమీ సంబంధం లేదన్న ప్రమాణపత్రం కింద హార్లన్ తన పేరు చిన్నబడిలో రాసి, మధ్యలో ఒక కామా పెట్టి, ఎర్ర సిరాతో వేలిముద్ర వేశాడు. ఆ కామా ఎక్కడుండాలో తేల్చడానికి దళం మూడు ఆదివారాలు వాదించుకుంది.

కాగితం చేరిన నాలుగో రోజు పోస్టు వ్యాను గేటు దగ్గర ఆగింది. వ్యాను నడిపే ఫెర్న్ దిగి, వెనక తలుపు తీసి, ఒక మనిషిని దింపింది.

"రిజిస్టర్డు," అంది. "ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

"నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను," అన్నాడు హార్లన్.

"వెనక్కి పంపాలన్నా సంతకమేనయ్యా. తేల్చుకో, మనిషిని చలిలో నిలబెట్టకు."

రొవీనా సంతకం పెట్టింది.

వచ్చినవాడు హార్లన్ లాగే ఉన్నాడు, సరిగ్గా చెప్పాలంటే లైసెన్సు మీది హార్లన్ లాగ. నాలుగేళ్లు చిన్న, పది కిలోలు తక్కువ. లైసెన్సు తీసుకున్నప్పుడు హార్లన్ తన ఎత్తు ఒక అంగుళం పెంచి రాయించాడు, ఈయన ఆ అంగుళం నిజంగానే పొడవున్నాడు. తల్లి పుట్టింటి పేరు తెలుసు, రక్తం గ్రూపు తెలుసు. కాఫీలో పంచదార ఎంత వేసుకోవాలో తెలియదు, ఎందుకంటే అది ఏ దరఖాస్తులోనూ ఎవరూ అడగలేదు. ఊళ్లో అందరూ ఆయన్ని కాగితాల హార్లన్ అనేవారు. కుక్కకి టీకాలు వేయించడానికీ, ఓటు వెయ్యడానికీ, రొవీనాని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికీ ఆయనే వెళ్లేవాడు. సీటు బెల్టు పెట్టుకునేవాడు. దారిలో ఆమె ఏదైనా చెబితే, చివరిదాకా విని, అర్థం కానిది మళ్లీ అడిగేవాడు. అసలు హార్లన్ ఆ ఏడాది వంటింట్లో మాట్లాడిన మాటల్లో సగం రేడియోతోనే.

ఆ ఉదయం ఏడింటికి ఫోను మోగింది. షెరిఫ్ లైల్ పెట్రిక్.

"రొవీనా, ఇవాళ పన్నెండింటికి మీ గేటు దగ్గరికొస్తున్నా. నేనూ, ఇద్దరు డిప్యూటీలూ."

"ఇంకొక్క వారం ఆగలేవా, లైల్?"

"డిసెంబరు నుంచీ ఆగుతూనే ఉన్నాగా. శుక్రవారం దాటితే రాష్ట్రం పోలీసులొస్తారు. వాళ్లకి హార్లన్ ఎవరో తెలీదు. నాకు తెలుసు."

కేసు మొదట చిన్నదే. హార్లన్ తన ట్రక్కుకి నంబరు ప్లేటు తీసేసి, ప్లైవుడ్ ముక్క మీద 'స్వతంత్రుడు, ప్రయాణంలో ఉన్నాడు' అని రాసి తగిలించాడు. డిప్యూటీ ఆపితే లైసెన్సు చూపించలేదు. కోర్టు మూడుసార్లు పిలిస్తే వెళ్లలేదు. చివరికి డెల్బర్ట్ పెట్టిన ప్రజాకోర్టులో జడ్జినే విచారిస్తామని ఉత్తరం రాశాడు. ఉరి అనే మాట అందులో ఒకచోట ఉంది. దాంతో చిన్న కేసు పెద్దదైంది.

రొవీనా ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి, బల్ల మీద రైఫిలు విప్పి నూనె రాస్తున్న హార్లన్ తలెత్తాడు.

"ఎన్నింటికట?"

"పన్నెండుకి. వెళ్లి మాట్లాడి రారాదూ? లైల్ నీతో బడిలో బంతాట ఆడినవాడు."

"బంతాట ఆడినవాడని నా గేటు లోపలికి రానివ్వాలా?" రైఫిలు గొట్టం లోంచి కిటికీ వైపు చూశాడు. "నడిచి మాత్రం వెళ్లను రొవీనా. మోసుకెళ్లాలి."

ఆ మాట ఆయన గొప్ప కోసం అనలేదని ఆమెకి తెలుసు. ఇరవయ్యారేళ్ల కాపురంలో హార్లన్ అన్న మాట వెనక్కి తీసుకోగా ఆమె చూడలేదు.

పదకొండున్నరకి గేటు లోపల ఎనిమిది పికప్ ట్రక్కులున్నాయి, పదకొండు మంది ఉన్నారు. అందరి దగ్గరా రైఫిళ్లు. ఆ ప్రాంతంలో రైఫిలు పట్టుకున్న మనిషిని ఎవరూ వింతగా చూడరు. చర్చిలో కోట్లు తగిలించే కొక్కేలకి పిస్టలు బెల్టులు కూడా వేలాడతాయి. ఆ రోజు తేడా ఏమిటంటే, పదకొండు మందీ ఒకే వైపు తిరిగి నిలబడ్డారు.

రొవీనా బీన్సు వేసి వండిన మాంసం కూరా, దాల్చినచెక్క రొట్టెలూ ట్రక్కు వెనక పెట్టుకుని తెచ్చింది. కాగితాల హార్లన్ గిన్నెలు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

పన్నెండుకి రెండు నిమిషాల ముందు షెరిఫ్ కారు గేటు బయట ఆగింది. లైల్ దిగాడు. డిప్యూటీలిద్దరూ కారు తలుపుల వెనక నిలబడ్డారు. వాళ్లలో చిన్నవాడు టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. చలికి అనుకోవచ్చు.

"హార్లన్, కోటు వేసుకుని రా," అన్నాడు లైల్. "జడ్జి ముందు రెండు ముక్కలు చెప్పు. సోమవారానికి ఇంట్లో ఉంటావు."

"ఈలోగా నా తుపాకులెత్తుకుపోవచ్చు, అంతేనా?"

"నా ఇంట్లో పద్నాలుగున్నాయి. వాటికే చోటు లేదని మా ఆవిడ రోజూ తిడుతుంది. నీవి ఎక్కడ పెట్టుకోను?"

దళంలో ఇద్దరు నవ్వారు. డెల్బర్ట్ వాళ్ల వైపు చూశాడు. నవ్వు ఆగింది.

"ఆ వారెంటు ఏ అక్షరాల్లో ఉందో చెప్పు షెరిఫూ," అన్నాడు డెల్బర్ట్.

లైల్ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "పెద్దబడి. పేరంతా పెద్దబడే."

"అయితే అది నేను కాదు," అన్నాడు హార్లన్. "గేటు తీసి లోపలికొచ్చావంటే, ఇంట్లో జొరబడ్డ దొంగని ఏం చేస్తానో నిన్నూ అదే చేస్తా."

"రాక తప్పదు హార్లన్. నా ఉద్యోగం అది."

లైల్ గేటు గొలుసు మీద చెయ్యి వేశాడు. రైఫిళ్ల సేఫ్టీ మీటలు తీసిన చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వినిపించింది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు.

"అది నా వారెంటే కదండీ?" అన్నాడు కాగితాల హార్లన్, రొవీనాకి మాత్రమే వినిపించేలా.

ఆమె కూర మీద మూత పెట్టింది.

"వెళ్లమంటారా?"

ఆమె భర్త దవడ వైపు చూసింది. గొలుసు మీది చెయ్యి వైపు చూసింది. తర్వాత, పన్నెండు గిన్నెలు జాగ్రత్తగా పట్టుకుని, ఆమె చెప్పేదాకా ఉండడానికి సిద్ధంగా ఉన్న మనిషి వైపు చూసింది. వద్దంటే ఆగిపోతాడని ఆమెకి తెలుసు.

"పేరు నీదే," అంది. ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆయన గిన్నెలు ట్రక్కు మీద పెట్టి, రెండు చేతులూ భుజాల ఎత్తుకి లేపి, రైఫిళ్ల మధ్య నుంచి గేటు దగ్గరికి నడిచాడు.

"నమస్కారమండీ. ఆ పేరు నాది. లైసెన్సు కుడి జేబులో ఉంది, దయచేసి మీరే తీసుకోండి."

లైల్ గేటు మీదుగా చెయ్యి చాచి తీసుకున్నాడు. లైసెన్సునీ వారెంటునీ పక్కపక్కన పెట్టి చూశాడు. పుట్టిన తేదీ, కళ్ల రంగు, బరువు. తల ఎత్తి ఆయన్నీ, వెనకున్న హార్లన్‌నీ మార్చి మార్చి చూశాడు.

"హార్లన్, నీ ఎత్తు ఐదడుగుల పది కదూ? బంతాట జట్టులో అదే రాసేవాళ్లు."

"అవును. అయితే?"

"వారెంటులో పదకొండుంది. ఈయన పదకొండున్నాడు." లైల్ కళ్లజోడు తీసేశాడు. "నాకు కావలసింది ఈయనే."

హార్లన్ నోరు తెరిచాడు. డెల్బర్ట్ మోచేత్తో పొడిచాడు.

"మాట్లాడకురా. అడ్డం చెప్పావంటే అది నువ్వేనని ఒప్పుకున్నట్టే."

హార్లన్ నోరు మూసుకున్నాడు. సేఫ్టీలు ఒక్కొక్కటే వెనక్కి పడ్డాయి.

సంకెళ్లు వేశాక కాగితాల హార్లన్ వెనక్కి తిరిగాడు. "రొవీనా గారూ, రెండింటికి దూడకి పాలు. కన్నుకి గోరువెచ్చని నీళ్లే వాడండి." కారెక్కాక, చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి సీటు బెల్టు పెట్టమని చిన్న డిప్యూటీని అడిగాడు. ఆ డిప్యూటీ బెల్టు పెట్టాడు.

దళం కూర అంతా తినేసింది. డెల్బర్ట్ విజయం గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. ఒకటిన్నరకల్లా పెరడు ఖాళీ అయింది.

"గెలిచాం," అన్నాడు హార్లన్, రైఫిలు గోడకి తగిలిస్తూ. "ఒక్క గుండు కూడా పేలలేదు."

రొవీనా వచ్చి ఆయన మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. కాసేపు అలాగే ఉంచింది.

"వాణ్ని పంపింది నువ్వేనటగా. డెల్బర్ట్ తెగ మెచ్చుకున్నాడు. మనకెవరికీ తట్టలేదన్నాడు."

ఆమె చెయ్యి తీసేసి, సీసాలో పాలపొడి కలుపుకుని కొట్టంలోకి వెళ్లింది.

ఆరో రోజున కాగితాల హార్లన్ అన్ని నేరాలూ ఒప్పుకున్నాడు. కాగితం మీద ఉన్నది కాదనడం ఆయనకి చేతకాదు. కౌంటీ జైల్లో పదకొండు నెలల శిక్ష పడింది.

తొమ్మిదో రోజున రొవీనా రెండు జతల ఉన్ని మేజోళ్లు తీసుకుని, తనే ట్రక్కు నడుపుకుంటూ కచేరీకి వెళ్లింది. గుమస్తా బెర్నడీన్ మేజోళ్లు తీసుకుంది. చూడ్డానికి వీలవుతుందా అని రొవీనా అడిగితే, తల అడ్డంగా ఆడించింది.

"రక్తసంబంధీకుల్నీ, భార్యనీ తప్ప ఎవర్నీ రానివ్వరమ్మా. నువ్వు ఆయనకేమవుతావని రాయను?"

రొవీనా బల్ల మీది పెన్ను తీసి, మళ్లీ అక్కడే పెట్టేసింది. బెర్నడీన్ వెనక గదిలోంచి పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి నాటి పెళ్లిళ్ల రిజిస్టరు తెచ్చి, పేజీ వెతికి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పింది. ఆ ఏడాది జూన్ నుంచి డిసెంబరు దాకా కచేరీ టైపు మిషనులో ఒక మీట ఇరుక్కుపోయిందట. ఆ ఏడు నెలల్లో కౌంటీలో జరిగిన పంతొమ్మిది పెళ్లిళ్లలోనూ పేర్లు పెద్దబడిలోనే నమోదయ్యాయి. రొవీనా పెళ్లి వాటిలో పదకొండోది.