దొంగ మాత్రలు

ప్రభావతిని చంపింది మందులషాపు సుబ్బారావు. మొదటి నెల అసలు మాత్రలిచ్చి, ఆ తర్వాత ఐదేళ్ళూ సున్నపు బిళ్ళలు అంటగట్టాడు. పరంధామయ్య ఈ మాట భార్య పోయిన నాడే అన్నాడు. నాలుగేళ్ళ తర్వాతా అదే అంటున్నాడు. అవనిగడ్డలో షాపు ఎదురుగా నిలబడి అన్నాడు, మోపిదేవి కాఫీ హోటల్లో అన్నాడు, పాలకేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడ్డ వాళ్ళందరికీ చెప్పాడు. ఊరు ఊరంతా ఆ షాపు మెట్లెక్కడం మానేసింది. చివరికి సుబ్బారావు షట్టరు దించి, గుడివాడ వెళ్ళి షాపు పెట్టుకున్నాడు.

ఆధారం లేకుండా అన్న మాట కాదు. వణుకుడు జబ్బు పట్టిన కొత్తలో ప్రభావతి వాకిట్లో వేసే ముగ్గు రోజురోజుకూ చిన్నదై అరచేతంత అయింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. విజయవాడ డాక్టరు మాత్రలు రాశాడు. మొదటి నెల ఆమె కాలవగట్టు దాకా నడిచింది. ముగ్గు మళ్ళీ వాకిలంతా పరుచుకుంది. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని అంటే, వేడి మందు కదా అని పరంధామయ్య పూటపూటకూ పెద్ద గ్లాసుడు గేదెపాలతో దగ్గరుండి మింగించాడు. తిప్పడం తగ్గింది. ఆ రెండో నెల నుంచే మాత్ర పనిచెయ్యడం మానేసింది. దీవి మొత్తంలో ఆ మందు దొరికేది ఒక్క సుబ్బారావు దగ్గరే, కొనక తప్పలేదు. సరుకు మారిందనడానికి ఇంకేం కావాలి?

రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో, ప్రభావతి చెల్లెలి కూతురు శ్రావ్య గుడివాడ నుంచి ఫోను చేసింది. తల్లి అనసూయకు అదే జబ్బు వచ్చి మూడేళ్ళయిన సంగతి పరంధామయ్యకు తెలుసు. మందులు సుబ్బారావు దగ్గరే కొంటున్నారని మాత్రం ఆ రోజే తెలిసింది. రిసీవరు పెట్టేసి, తెల్లారగానే మొదటి బస్సెక్కాడు. సీటు దొరికినా కూర్చోలేదు. పామర్రు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి అనసూయ కుర్చీలో కొయ్యబొమ్మలా ఉంది. చేతిలో మాత్ర, పక్కన మంచినీళ్ళు.

"ముందు ఆ మాత్ర అవతల పారెయ్!"

"వచ్చీ రాగానే గొడవేంటి బావగారూ? కూర్చోండి."

కూర్చోలేదు. ఆమె మింగేసింది. ముప్పావుగంటలో లేచింది. వంటింట్లోకి నడిచి, కాఫీ కలిపి, తొణక్కుండా తెచ్చి అతని చేతికిచ్చింది.

"మొదట్లో ఇలాగే పనిచేస్తాయి. వాడి ఎత్తే అది," అన్నాడు పరంధామయ్య.

శ్రావ్య నవ్వింది. "మూడేళ్ళ నుంచీ మొదలేనా పెదనాన్నా?"

పన్నెండు గంటలకు ఇంకో మాత్ర. అతను స్ట్రిప్పు తిరగేసి చూశాడు. ప్రభావతికి తెచ్చిన రకమే, అదే రంగు. అనసూయ మళ్ళీ నీళ్ళగ్లాసు అందుకునేసరికి ఆగలేకపోయాడు.

"ఒట్టి కడుపునా? పేగులు మాడిపోతాయి. పాలతో వేసుకో. మీ అక్కకి ఒక్క పూట కూడా పాలు లేకుండా వెయ్యలేదు నేను."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"డాక్టరు పాలు వద్దన్నారు పెదనాన్నా," అంది శ్రావ్య మెల్లగా. "మనిషిని కదిలించే ఊట ఏదో మెదడులో ఎండిపోతుందట. దానికి కావలసిన సరుకు ఈ మాత్రలో ఉంటుంది. పేగులు దాటి లోపలికి పోవాలంటే పాలల్లో ప్రోటీనుకీ దీనికీ దారి ఒకటే. మీ దీవిలో ఏరు దాటించే పంటు లాగా అనుకోండి. పాలు ముందెక్కేస్తే మాత్ర రేవులోనే ఉండిపోతుంది."

"చదువుకున్న వాళ్ళ కబుర్లు."

"తాతగారికీ కాళ్ళు పట్టేసేవట కదా. కొన్ని ఇళ్ళల్లో రక్తంలోనే వస్తుందన్నారు. నాకు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే నేనూ నీళ్ళతోనే వేసుకుంటా."

"పిచ్చిమాటలు మాట్లాడకు!"

అనసూయ నీళ్ళగ్లాసు కింద పెట్టింది. "పాలు తేవే."

"అమ్మా!"

"తే. ఆయన కళ్ళతో చూడందే నమ్మరు."

గ్లాసుడు పాలతో మాత్ర మింగింది. పరంధామయ్య హాల్లోంచి గేటుకీ, గేటు నుంచి హాల్లోకీ తిరగసాగాడు. ఒంటిగంట అయింది. ఆమె లేవలేదు. రెండయింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి లేని విత్తనమేదో నలుపుతున్నాయి. మొహంలో కదలిక పోయింది. బాత్రూముకు వెళ్ళాలని కళ్ళతో అడిగింది. శ్రావ్య ఒక రెక్క, అతను ఒక రెక్క పట్టుకుని లేపారు. ఆ బరువు అతనికి తెలుసు. ఐదేళ్ళు మోశాడు.

నాలుగింటికి నీళ్ళతో ఇంకో మాత్ర వేసింది శ్రావ్య. ఐదయ్యేసరికి అనసూయ లేచి, పాలగ్లాసు తనే కడిగి బోర్లించింది.

పరంధామయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మాత్రలు పనిచెయ్యడం లేదని తను మొదటిసారి షాపు మీదికి వెళ్ళిన రోజు సుబ్బారావు అడిగాడు, దేనితో వేస్తున్నారండీ అని. మంచినీళ్ళతో, భోజనానికి ముందు వెయ్యాలండీ అనీ చెప్పాడు. నా ఇంట్లో నా పెళ్ళానికి ఏం పట్టాలో నువ్వు చెప్పేదేంట్రా, దొంగ సరుకమ్మి సాకులు వెతుకుతున్నావా అన్నాడు తను. పదిమందీ విన్నారు. ఆ పదిమందే ఊరంతా చెప్పారు.

తువ్వాలు భుజాన వేసుకుని చెప్పుల కోసం వంగాడు. అనసూయ గుమ్మందాకా నడిచొచ్చింది.

"సుబ్బారావుగారి షాపు సందు మలుపులోనే ఉంది బావగారూ. ఇవాళ ఉంటారు. లోపలికి వెళ్ళి ఒక్క మాట అనెయ్యండి."

"ఏమనాలి?"

"మీకు తెలుసు ఏమనాలో."

"అనను."

"మీరు ఆయన పొట్ట కొట్టారు. అది ఆయన సంగతి. మీరు పాలు పోసింది కావాలని కాదు. నోరు తెరిచి అనేస్తే మీకే కాస్త..."

"చాలించు!" వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. గొంతు తగ్గించాడు. "నీళ్ళతోనే వేసుకో. వేళ తప్పకు. అంతే నేను చెప్పేది. ఇంక సుబ్బారావు పేరు నా దగ్గర ఎత్తొద్దు. మీ అక్క పేరు ఎత్తొద్దు. నేనూ ఎత్తను. వాడు దొంగని ఇక అనను, కాదనీ అనను. చచ్చేదాకా ఈ సంగతి నా నోట రాదు. మీ నోట వినబడితే మళ్ళీ ఈ ఊరు రాను."